అనంతపురంలో జెర్సీ మీద పేరు తీసే షాపు, ట్రెంట్ వెళ్ళిపోయిన బాధ

అనంతపురంలో జెర్సీ మీద పేరు వేసే షాపులకు కొదవ లేదు, కానీ వేసిన పేరును బట్ట పాడవకుండా తీయించుకోవాలంటే మాత్రం నేను ఒక్క చోటికే పంపిస్తాను. టవర్ క్లాక్ దాటి సుభాష్ రోడ్డు మీదుగా వచ్చి పక్క సందులోకి తిరిగితే, ముందు అద్దాల బీరువాలో కప్పులు, షీల్డులు పేర్చి ఉంటాయి, లోపల ఒక హీట్ ప్రెస్, ఒక కంప్యూటర్, గోడ పొడవునా వేలాడుతున్న టీషర్టులు. ఊళ్ళల్లో జరిగే క్రికెట్ టోర్నమెంట్లకు, కాలేజీ టీములకు, వినాయక చవితి కమిటీ కుర్రాళ్ళకు టీషర్టులు వేయడమే వాళ్ళ అసలు వ్యాపారం. ఫుట్‌బాల్ వాళ్ళం వచ్చేది తక్కువే, అయినా చిన్న పని అని చులకనగా చూడరు. ఇది మొదటే చెప్పాలి, ఎందుకంటే వేరే ఒక షాపులో ఇదే పని అడిగితే "కొత్తది కొనుక్కో తమ్ముడూ, దీంట్లో ఏముంది" అని జెర్సీ మడత కూడా విప్పకుండా పంపించేశారు.

నేను తీసుకెళ్ళినవి రెండు జెర్సీలు. రెండూ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్‌వే, రెండింటి వీపు మీదా 66, దాని పైన అలెగ్జాండర్-ఆర్నాల్డ్ అని ట్రెంట్ ఇంటిపేరు. ఒకటి నాది, 2019-20 నాటి డిజైను, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చవక కాపీ. రెండోది మా అక్క కొడుకుది, 2024-25ది, ప్లెయిన్‌గా కొని ఇదే షాపులో పేరు వేయించాం. వాడికి 13 ఏళ్ళు. రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్‌గా ఆడతాడు, అదీ ఇష్టపడి ఆడతాడు. ఆ వయసు పిల్లలు అందరూ ముందుకు పోయి గోల్ కొట్టాలనుకుంటారు, వీడు మాత్రం వెనకనుంచి పొడవాటి బంతి వేయాలనుకుంటాడంటే దానికి కారణం ట్రెంటే.

షాపాయన రెండు జెర్సీలనూ కౌంటర్ మీద పరిచి, వీపు మీద బొటనవేలితో రుద్ది చూశాడు, తర్వాత లోపలి వైపుకు తిప్పి చూశాడు. నాది వెంటనే పక్కన పెట్టేశాడు. "ఇది పోయేది కాదప్పా. ఇది సబ్లిమేషన్. ఎవరన్నా తీస్తామని డబ్బులడిగితే ఇయ్యొద్దు" అన్నాడు. తర్వాత వివరంగా చెప్పాడు, నాకు అంతవరకు ఈ సంగతి తెలియదు. వినైల్ అయితే స్టిక్కర్ లాంటిది, వేడికి జిగురు కరిగి బట్టకు అంటుకుంటుంది, మళ్ళీ వేడి తగిలితే ఊడుతుంది. సబ్లిమేషన్ అలా కాదు. 200 డిగ్రీల దగ్గరి వేడిలో ఇంకు ఆవిరై పాలిస్టర్ దారంలోకే దిగిపోతుంది, పైన పొర అంటూ ఏమీ ఉండదు కాబట్టి గీకడానికి, పీకడానికి ఏమీ దొరకదు. పైగా నా జెర్సీలో అసలు బట్టే తెలుపు, ఎరుపంతా ప్రింటు. అంటే వాళ్ళు తెల్ల అక్షరాలు వేయలేదు, అక్షరాలు ఉండాల్సిన చోట ఎరుపు వేయకుండా వదిలేశారు. పేరు కనపడకూడదంటే పైన గుడ్డ ముక్క వేసి కుట్టించుకోవడమే, అది చేయమని మాత్రం నేను చెప్పను అన్నాడు. ఒక్క రూపాయి తీసుకోలేదు. పని రాదని తెలిసి కూడా ఏదో థిన్నర్ రుద్ది, బట్ట కాలిపోయాక "ముందే చెప్పాను కదా" అనే మనుషులను చూసినవాడిని కాబట్టి, నాకు ఈ షాపు మీద నమ్మకం కుదిరింది అక్కడే.

మా వాడి జెర్సీ వినైల్. దాని సంగతి చెప్పే ముందు, అసలు ఆ పేరు తీయించాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి.

ట్రెంట్ లివర్‌పూల్ క్లబ్బుకు ఎక్కడి నుంచో కొనుక్కొచ్చిన ఆటగాడు కాదు, ఆ ఊరి పిల్లాడు. అక్కడే వెస్ట్ డర్బీలో పెరిగాడు, ఆరేళ్ళకు క్లబ్ అకాడమీలో చేరాడు, 2016 అక్టోబర్‌లో 18 ఏళ్ళకు పెద్ద టీములోకి వచ్చాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఇచ్చిన 66 నంబరునే స్టార్ అయ్యాక కూడా వదల్లేదు. 2018-19లో ఇంగ్లండ్ పెద్ద లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో 12 అసిస్టులు, అంటే గోల్‌గా మారిన పాస్‌లు, ఇచ్చాడు, మరుసటి సీజన్లో 13, ఒక డిఫెండర్ అంతకుముందు ఒక సీజన్లో అన్ని ఇచ్చింది లేదు. అయితే మా లాంటి వాళ్ళకు అంకెల కంటే ముందు గుర్తొచ్చేది 2019 మే 7న బార్సిలోనాతో మా సొంత స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ మ్యాచే. రెండు మ్యాచ్‌ల సెమీఫైనల్‌లో మొదటిది 3-0 ఓడిపోయాం, ఇంట్లో 3-0 చేసి సమానం చేశాం, 79వ నిమిషం. మనకు తెల్లవారుజామున 2 దాటింది. ట్రెంట్ కార్నర్ దగ్గర బంతి పెట్టాడు, ఇక వేరేవాళ్ళు కొడతారన్నట్టు అక్కడ్నించి కదిలాడు, బార్సిలోనా వాళ్ళు ఇంకా ఎవరి స్థానాల్లోకి వాళ్ళు చేరలేదు, అది చూసి గబుక్కున వెనక్కి తిరిగి తక్కువ ఎత్తులో బంతి లోపలికి పంపేశాడు, మా ఫార్వర్డ్ డివోక్ ఒరిగి దాన్ని గోల్ చేశాడు. ట్రెంట్ అప్పటికి 20 ఏళ్ళ కుర్రాడు, అదీ మెస్సీ ఎదురుగా ఉన్న మ్యాచ్‌లో. నేను అరిచిన అరుపుకు పక్క వాటాలో లైట్లు వెలిగాయి. ఆ తర్వాతే ఆ జెర్సీ తెప్పించుకున్నాను.

అతను వెళ్ళిన తీరు చూడండి. 2025 ఏప్రిల్ 20న లెస్టర్ మీద సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి మ్యాచ్ గెలిపించిన ఏకైక గోల్ కొట్టాడు, జెర్సీ విప్పి కార్నర్ జెండాకు తగిలించాడు. మా అక్క కొడుకు ఆ ఫోటోను ఫోన్ వాల్‌పేపర్ పెట్టుకున్నాడు, ఇంకెక్కడికీ పోడు మామా అన్నాడు. ఏప్రిల్ 27న టోటెన్‌హామ్‌ను 5-1తో ఓడించి లీగ్ గెలిచాం. మే 5న అతను వెళ్ళిపోతున్నట్టు ప్రకటించాడు. కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టకుండా పాతది ముగిసే సమయందాకా ఉండి, బదిలీ సొమ్ము లేకుండా ఫ్రీగా స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌కు. క్లబ్ వరల్డ్ కప్ కోసం ఒక నెల ముందు విడిచిపెట్టమని మాడ్రిడ్ వాళ్ళు ఇచ్చిన దాదాపు 10 మిలియన్ యూరోలు తప్ప, 20 ఏళ్ళు పెంచిన క్లబ్‌కు వేరే ఏమీ మిగల్లేదు. మార్కెట్లో అతని విలువ అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

అదీ ఏ క్లబ్‌కు? 2018లో కీవ్‌లో 3-1తో, 2022లో పారిస్‌లో 1-0తో ఫైనల్లో మా చేతుల్లోంచి ఛాంపియన్స్ లీగ్, అంటే యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు, లాక్కుపోయిన క్లబ్‌కు. పారిస్‌లో మాడ్రిడ్ ఆటగాడు వినీసియస్ ఆ గోల్ కొట్టింది ట్రెంట్ వెనక నుంచి వచ్చే. అంతకుముందు మా ఆటగాడు మాక్‌మానమన్ 1999లో ఇలాగే ఫ్రీగా మాడ్రిడ్ పోయాడు, ఓవెన్ 2004లో పోయాడు. సొంత అకాడమీలో పెరిగినవాడు మాడ్రిడ్ పోవడంలో లివర్‌పూల్ వాళ్ళకు ఇది మూడో దెబ్బ, పాత గాయం మీదే పడింది.

మే 11న ఆర్సెనల్ మ్యాచ్ ఆన్‌ఫీల్డ్‌లో, మనకు రాత్రి 9 గంటలకు. ట్రెంట్ సబ్‌స్టిట్యూట్‌గా వచ్చాడు, బంతి తగిలిన ప్రతిసారీ సొంత స్టేడియంలో సొంత జనమే గేలి చేశారు. అందరూ కాదు, చప్పట్లు కొట్టినవాళ్ళూ ఉన్నారు, కానీ టీవీలో ఎక్కువ వినిపించింది ఆ అరుపులే. మా వాడు నోరు మెదపలేదు. మే 25న క్రిస్టల్ ప్యాలెస్‌తో ఆఖరి మ్యాచ్‌లో పరిస్థితి మారింది, చప్పట్లతో పంపించారు, అతను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇక అయిపోయింది అనుకున్నాం. నవంబర్ 4న మాడ్రిడ్ జెర్సీలో ఆన్‌ఫీల్డ్‌కు వచ్చాడు, మేం 1-0తో గెలిచాం, అతను ఆఖర్లో గ్రౌండ్‌లోకి దిగితే మళ్ళీ అవే అరుపులు. ఆ మ్యాచ్‌కు ముందు స్టేడియం దగ్గర గోడ మీదున్న అతని పెద్ద బొమ్మ మీద ఎవరో రంగు పోసి తిట్లు రాశారు. మా వాడు పొద్దున్నే బడికి పోయే ముందు హైలైట్స్ చూసి, బీరువాలోంచి ఆ జెర్సీ తీసి నా ముందు పెట్టాడు. పేరు తీయించు మామా అన్నాడు. వాడు అప్పటికి నెలల తరబడి దాన్ని వేసుకోలేదు.

షాపులో ఈ విషయం మీదే పెద్ద చర్చ నడిచింది, నేను ఈ షాపును గుర్తుపెట్టుకోవడానికి పనితనం ఎంత కారణమో ఆ చర్చా అంత కారణం. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే స్పోర్ట్స్ విలేజ్ వల్ల మన ఊళ్ళో ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు స్పెయిన్ పరాయి దేశంలా ఉండదు. ఆ సంస్థ పెట్టిన విసెంటె ఫెర్రర్ గారు వచ్చింది అక్కడ్నించే, ఫుట్‌బాల్ అకాడమీకి స్పెయిన్ లీగ్ లా లిగా వాళ్ళ ఫౌండేషన్ సహకారం అందింది, 2010లో నాదల్ టెన్నిస్ స్కూలు పెట్టింది ఇక్కడే, ఆ నాదల్ మాడ్రిడ్ అభిమాని. కాబట్టి మా వాడి చుట్టూ ఉన్న పిల్లల్లో సగానికి సగం మాడ్రిడ్, మిగతాది బార్సిలోనా. మేం ఉన్నప్పుడే ఒక కుర్రాడు టీము బిబ్‌ల (ప్రాక్టీసులో పైన వేసుకునేవి) కోసం వచ్చాడు, 17, 18 ఏళ్ళుంటాయి, మా జెర్సీ చూసి నవ్వలేదు, అది మెచ్చుకోవాలి. కానీ అడగాల్సింది సూటిగా అడిగాడు. "అన్నా, రేపు నాకు బెంగళూరులో క్లబ్ ఛాన్స్ వస్తే ఈడే ఉండమంటావా? పోతే తిడతావా?"

షాపాయన కూడా వాడి పక్షమే. "మంచిగా ఆడేవాడు పోకుంటే ఎట్లప్పా? మనూళ్ళో బెంగళూరు పోని ఇల్లుందా?" అన్నాడు. నిజమే. 200 కిలోమీటర్ల చిల్లర దూరం, చదువుకని, ఉద్యోగమని, ఆటకని, ప్రతి ఇంటి నుంచి ఎవరో ఒకరు పోయినవాళ్ళే. బస్టాండులో బ్యాగు సర్ది, దారిలో తినడానికి కట్టిచ్చి పంపిస్తాం. ఎవరినీ గేలి చేయం.

నేను అక్కడ చెప్పిన జవాబే ఇక్కడా చెప్తాను. మనవాళ్ళు పోయేది ఇక్కడ లేనిదాని కోసం. ఇక్కడ పెద్ద క్లబ్ లేదు, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) టీము లేదు, డబ్బు లేదు. పోవడం తప్ప దారి లేదు కాబట్టే కన్నవాళ్ళు ఏడుస్తూనే పంపిస్తారు. ట్రెంట్‌కు ఇంట్లో ఏం తక్కువ? ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు, లీగ్ రెండుసార్లు గెలిచాడు, 2023 నుంచి వైస్ కెప్టెన్, కెప్టెన్ వాన్ డైక్ తర్వాత కెప్టెన్సీ అతనిదే అని ఊరు ఊరంతా అనుకుంది. అన్నీ ఉన్న ఇంటి నుంచి పిల్లాడు పోతే, వెనక మిగిలినవాళ్ళు చేసుకునే ఆలోచన వేరుగా ఉంటుంది. మా దగ్గర లేనిదేముంది, మేమే చాలలేదా అనిపిస్తుంది. ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పరు, అందుకే అది కోపంగా బయటికొస్తుంది. హ్యారీ కేన్ 2023లో తన సొంత క్లబ్ టోటెన్‌హామ్ వదిలి జర్మనీ క్లబ్ బయర్న్‌కు పోతే అక్కడి జనం ఇంతగా రగిలిపోలేదు, ఎందుకంటే అక్కడ కప్పులు లేవని వాళ్ళకే తెలుసు, పైగా క్లబ్‌కు పెద్ద మొత్తమే ముట్టింది. మా పాత కెప్టెన్ జెరార్డ్ 2005లో పోతానని అడిగి, మనసు మార్చుకుని 2015 దాకా ఉన్నాడు. ట్రెంట్‌ను ఆ ఊరివాళ్ళు కొలిచింది జెరార్డ్ గీత పక్కన నిలబెట్టి, ఆ కొలత మోయమని అతన్ని ఎవరూ అడగలేదన్నది కూడా నేను ఒప్పుకుంటాను.

కాబట్టి మే 11న అరిచినవాళ్ళను నేను తప్పు పట్టను, టికెట్ కొనుక్కుని బాధ చెప్పుకున్నారు. గోడ బొమ్మ మీద రంగు పోసినవాళ్ళను మాత్రం పడతాను. ఆ బొమ్మ గీసింది 2019 కుర్రాడిని, 2025లో సంతకం పెట్టనివాడిని కాదు. ఆ కార్నర్ కొట్టింది అతనే, అది ఇప్పుడు ఎవరం మార్చలేం. బిబ్‌ల కోసం వచ్చిన కుర్రాడు ఇదంతా విని "మీరు బాగా ఫీలయినట్టున్నారన్నా" అన్నాడు. అవును, బాగా ఫీలయ్యాం.

ఇక పని సంగతి. పేరు తీసే ముందు షాపాయన మా వాడినే అడిగాడు, నన్ను కాదు. "తీస్తే మళ్ళీ ఇదే పెట్టేదానికి కాదు చిన్నోడా, సరేనా?" అని. వాడు సరే అన్నాక జెర్సీ వీపు ఫోటో తీసుకుని మొదలుపెట్టాడు. లోపలి వైపు నుంచి కొద్దిసేపు ప్రెస్ వేడి చూపించి, పైకి తిప్పి, ఒక్కో అక్షరం మూలను ట్వీజర్‌తో పట్టి నెమ్మదిగా లాగుతాడు. వేడి తగ్గితే ఆపి మళ్ళీ ప్రెస్ కింద పెడతాడు, చల్లగా ఉన్నప్పుడు లాగితే దారం కూడా లేచి వస్తుందట. ఆ పేరు ఇంగ్లీషులో 15 అక్షరాలు, మధ్యలో గీత ఒకటి. మా వాడు కౌంటర్ పట్టుకుని ఒక్కొక్కటీ ఊడటం చూస్తూ నిలబడ్డాడు, చివర్లో 66 తీసేటప్పుడు మాత్రం బయటికి పోయాడు. మిగిలిన జిగురును ఏదో ద్రావణం గుడ్డతో అద్ది తీశాడు, రుద్దలేదు.

ఇక్కడ పేరు తీయించుకునేవాళ్ళు తెలుసుకోవాల్సిన ముఖ్యమైన విషయం ఒకటుంది, షాపాయన ముందే హెచ్చరించాడు కూడా. అక్షరాలు పోయినా వాటి ఆనవాలు పోదు. ఎండకు, ఉతుకులకు చుట్టూ ఉన్న ఎరుపు వెలిసింది, అక్షరాల కింద ఉన్న ఎరుపు మాత్రం కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది. దాంతో పేరు తీసేశాక అదే పేరు ముదురు ఎరుపులో చదువుకునేంత స్పష్టంగా కనపడింది. మా వాడు దాని మీద వాన్ డైక్ పేరు వేయమన్నాడు, అతను 2025 ఏప్రిల్‌లో కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు కదా, ఉండేవాడి పేరే కావాలన్నాడు. అతని జెర్సీ మీద ఉండేది వర్జిల్ అనే మొదటి పేరే, ఇంగ్లీషులో ఆరే అక్షరాలు, నంబరు 4. ఆరు అక్షరాలు 15 అక్షరాల జాగాను ఎలా కప్పుతాయి? మధ్యలో కొత్త పేరు తెల్లగా ఉంటుంది, రెండు పక్కలా పాత పేరు మొదలూ చివరా కనపడుతూనే ఉంటాయి, 4కు అటూ ఇటూ పాత 66 వంపులు. అక్షరాల సైజు కొంచెం పెంచి, ఎడం ఎక్కువ ఇచ్చి వేస్తే కొంత నయమని ఆయనే కంప్యూటర్‌లో రెండు రకాలుగా చూపించాడు, మేం పెద్దది ఎంచుకున్నాం. దూరం నుంచి తెలియదు, దగ్గరికొస్తే తెలుస్తుంది. దీన్ని నేను షాపు లోపం అనను, ఏ షాపులోనైనా ఇంతే అవుతుంది. పాత జెర్సీ అయితే ఆనవాలు ఇంకా ఎక్కువ ఉంటుంది, కొన్న కొద్ది రోజుల్లోనే తీయిస్తే తక్కువ ఉంటుంది.

ఖర్చు: పేరు, నంబరు తీయడానికి 150, కొత్తవి వేయడానికి 250. కొన్ని చోట్ల అక్షరానికింత అని లెక్కేస్తారు, ఇక్కడ పేరు ఎంత పొడవున్నా ఒకటే రేటు. కొత్త ప్రింటు నాణ్యత బాగుంది, అంచులు లేవలేదు, ఉతికితే పగల్లేదు. మొదటి రోజు నీళ్ళలో వేయొద్దని, తర్వాత కూడా తిరగేసి ఉతకమని, ప్రింటు మీద ఇస్త్రీ పెట్టొద్దని చెప్పారు, అలాగే చేస్తున్నాం.

ఇబ్బందులూ ఉన్నాయి. సాయంత్రం అన్నారంటే మరుసటి రోజు మధ్యాహ్నం అనుకోవాలి. ఫోన్ ఎత్తరు. అక్షరాల ఫాంటు ప్రీమియర్ లీగ్ ఫాంటుకు దగ్గరగా ఉంటుంది కానీ అదే కాదు, ఆ తేడా కంటికి ఆనేవాళ్ళు ముందే ఫైలు పట్టుకెళ్తే ఆ ఫైలుతోనే కట్ చేసిస్తారు. నిలబడటానికి జాగా తక్కువ, కరెంటు పోతే ప్రెస్ ఆగిపోతుంది, మళ్ళీ వేడెక్కేదాకా కాచుకోవాలి.

నా జెర్సీ నా దగ్గరే ఉంది. గుడ్డ ముక్క కుట్టించలేదు, కుట్టించను. మా వాడు తనది వేసుకుని మళ్ళీ ప్రాక్టీసుకు పోతున్నాడు, రైట్ బ్యాక్‌గానే.

5కు 4 ఇస్తున్నాను, టైము విషయంలో ఒకటి తగ్గించాను. వినాయక చవితి ముందు, ఎండాకాలం క్రికెట్ టోర్నమెంట్ల సమయంలో వెళ్ళకండి, మీ పని వెనక్కి పోతుంది. మామూలు రోజుల్లో పొద్దున 11 తర్వాత వెళ్ళండి, జెర్సీని ఉతికి ఆరబెట్టి తీసుకెళ్ళండి, సబ్లిమేషనా వినైలా అన్నది ముందు ఆయన్నే చూడనివ్వండి.